దెబ్బ తగిలిన రోజు ఆస్పత్రిలో ఏం రాశారు?

(పటాన్‌చెరులో జరిగిన కార్మికుల సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. నైట్ షిఫ్ట్ దిగి నేరుగా వచ్చినవాళ్లు కూడా ఉన్నారని చెప్పారు. కునుకు వస్తే పడుకోండి, నేనేమీ అనుకోను. ఒక్క మాట మాత్రం విని పడుకోండి.

ప్రెస్‌లో, అంటే రేకుని నొక్కి పీసులు తీసే మెషిన్‌లో, చెయ్యి పడ్డ మనిషిని ఆస్పత్రికి తీసుకెళ్తారు. క్యాజువాలిటీలో డాక్టర్ మొదట అడిగేది ఏంటి? "ఎలా తగిలింది?" అని. మరి జవాబు చెప్పేది ఎవరు? దెబ్బ తగిలినవాడు చెప్పే పరిస్థితిలో ఉండడు. చేతికి గుడ్డ చుట్టుకుని అరుస్తుంటాడు. పక్కన ఎవరుంటారు? సూపర్‌వైజర్ ఉంటాడు, లేదంటే కంపెనీ కారు డ్రైవర్. అతను చెబుతాడు, "ఇంట్లో గ్రైండర్‌లో చెయ్యి పడింది సార్" అని. లేదా "బండి మీద నుంచి పడ్డాడు" అని. డాక్టర్ అదే రాస్తాడు. ఆయన తప్పేం లేదు, చెప్పింది రాశాడు. డిశ్చార్జ్ సమ్మరీలో హిస్టరీ అని ఒక లైను ఉంటుంది, చూశారా ఎప్పుడైనా? మందుల చీటీ చూస్తాం, బిల్లు చూస్తాం, ఆ లైను ఎవరూ చూడరు. రెండేళ్ల తర్వాత నా దగ్గరికి కేసు వచ్చినప్పుడు నేను చూసేది ముందు ఆ లైనే. అవతలి వకీలు చూసేదీ అదే.

అందుకే చెబుతున్నా. పరిహారం కేసు లేబర్ ఆఫీసులో మొదలవదు. ఆస్పత్రిలో మొదలవుతుంది, ఆ మొదటి గంటలోనే. మీలో ఎవరికి దెబ్బ తగిలినా వెంట తోటి కార్మికుడు ఒకడు వెళ్లాలి. "కంపెనీలో, డ్యూటీలో, ఫలానా మెషిన్ మీద తగిలింది" అని అతను చెప్పి రాయించాలి. ఎమ్మెల్సీ రాయమని అడగాలి, అంటే మెడికో లీగల్ కేసుగా నమోదు చేయమనాలి. అప్పుడు పోలీస్ స్టేషన్‌కి కబురు వెళ్తుంది, రికార్డు ఉంటుంది. "ఎమ్మెల్సీ రాస్తే పోలీసులు, గొడవ, ఎందుకులే" అని సూపర్‌వైజర్ అంటాడు. గొడవ ఎవరికి? మీకైతే కాదు.

సరే, ఇక నిద్రపోయేవాళ్లు పోవచ్చు. మిగతావాళ్లకి అసలు చట్టం చెబుతాను.

1923లో వచ్చింది ఈ చట్టం. తెల్లవాడి కాలంలో. అప్పుడు దాని పేరు వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టం. 2010 జనవరి నుంచి ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టం అన్నాం. 2025 నవంబర్‌లో అది కొత్త కోడ్ కిందికి పోయింది, ఆ సంగతి చివర్లో చెబుతాను. అంత పాత చట్టం, కానీ అందులోని మూల సూత్రం ఇప్పటికీ మనవాళ్లకి పూర్తిగా తెలియదు. ఏంటది? యజమాని తప్పు చేశాడని మీరు నిరూపించాల్సిన పని లేదు. పని వల్ల, పనిలో ఉండగా, ప్రమాదం జరిగింది. అంతే చాలు. మెషిన్ మంచిదే కావొచ్చు, యజమాని మంచివాడే కావొచ్చు, రోజూ పలకరించేవాడే కావొచ్చు. అయినా పరిహారం ఇవ్వాల్సిందే. ఇది దానం కాదు, దయ కాదు. "సార్ చాలా సాయం చేశారండీ, ఆస్పత్రి బిల్లు మొత్తం కట్టారు" అని చెబుతారు నా దగ్గరికి వచ్చిన వాళ్లే. అమ్మా, వైద్యానికి అయిన ఖర్చు ఇవ్వడం ఆయన చట్టప్రకారం చేయాల్సిన పని. అది ఇచ్చినంత మాత్రాన పరిహారం తీరినట్టు కాదు.

మరి యజమాని తప్పించుకునే దారులు లేవా? ఉన్నాయి, దాచడం దేనికి. మూడు రోజులకి మించి పని మానాల్సినంత దెబ్బ కాకపోతే పరిహారం రాదు. తాగి ఉండి దాని వల్లే ప్రమాదం జరిగితే, భద్రత కోసం పెట్టిన నియమాన్ని కావాలని ధిక్కరిస్తే, సేఫ్టీ గార్డుని కావాలని తీసేస్తే రాకపోవచ్చు. అయితే ఒక ముఖ్యమైన మాట. మనిషి చనిపోయినా, శాశ్వతంగా పూర్తి వికలాంగుడైనా ఈ సాకులేవీ చెల్లవు. "తాగి ఉన్నాడండీ" అని చావు ఇంటి దగ్గర చెప్పి భయపెడతారు. ఆ మాటకి చట్టంలో విలువ లేదు.

ఆ గార్డు సంగతి కాస్త చెప్పాలి. ఇక్కడ ప్రెస్ షాపుల్లో చేసేవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. మీకు తెలుసు, రెండు బటన్లూ ఒకేసారి నొక్కితేనే ప్రెస్ కిందికి దిగాలి. రెండు చేతులూ బటన్ల మీద ఉంటే వేళ్లు డై కింద ఉండవు కాబట్టి. మరి చాలా షాపుల్లో ఏం చేస్తారు? ఒక బటన్‌కి చెక్కముక్క బిగిస్తారు. ఒక చేత్తో నొక్కు, ఇంకో చేత్తో పీసు పెట్టు. ప్రొడక్షన్ పెరుగుతుంది. చెక్కముక్క పెట్టింది ఎవరు? హెల్పర్ తనంతట తాను పెట్టుకున్నాడా? షిఫ్ట్‌కి ఇన్ని పీసులు తీయకపోతే రేపు రావద్దన్నది ఎవరు? రోజూ ఆ మెషిన్ పక్కనుంచి నడిచి వెళ్లే సూపర్‌వైజర్‌కి ఆ చెక్కముక్క కనబడలేదా? కార్మికుడు కావాలని గార్డు తీసేశాడని నిరూపించాల్సింది యజమాని. మీరు కాదు. నోటి మాటతో అంటే సరిపోదు.

ఇప్పుడు డబ్బు లెక్క. దీనికోసమే చాలామంది వచ్చారని తెలుసు.

లెక్క కష్టమైనదేం కాదు. మూడు విషయాలు చూస్తారు. నెల జీతం, వయసు, ఎంత నష్టం జరిగింది. ఒక్కో వయసుకి చట్టంలో ఒక అంకె రాసి ఉంటుంది. ముప్పై ఏళ్లకి 207.98, ముప్పై అయిదుకి 197.06, నలభైకి 184.17. వయసు పెరిగేకొద్దీ అంకె తగ్గుతుంది, ఎందుకంటే ఇంకా సంపాదించే ఏళ్లు తగ్గుతాయి కాబట్టి. చనిపోతే జీతంలో సగాన్ని ఆ అంకెతో హెచ్చవేస్తారు. శాశ్వతంగా పూర్తి వైకల్యమైతే జీతంలో 60 శాతాన్ని. జీతం ఎంత ఉన్నా లెక్కకి 15,000 దాకానే తీసుకుంటారు, 2020 జనవరి నుంచి అదే పరిమితి. అంతకుముందు 8,000 ఉండేది.

ముప్పై ఏళ్ల మనిషి, జీతం 15,000, చనిపోయాడు. సగం 7,500. దాన్ని 207.98తో హెచ్చవేస్తే 15,59,850 రూపాయలు. ఇది నా అంచనా కాదు, బేరం కాదు. కాలిక్యులేటర్ ఉంటే ఎవరైనా కట్టొచ్చు. మీ ఫోన్లో ఉంది కదా, ఇప్పుడే కట్టి చూడండి. మరి గేటు దగ్గర ఒప్పందంలో ఎంత ఇస్తున్నారు? మీకే తెలుసు.

వేళ్లు పోయినవాళ్ల సంగతి చూద్దాం. ఏ అవయవం పోతే ఎంత శాతం అని చట్టంలో పెద్ద పట్టిక ఉంది. బొటనవేలు పోతే 30 శాతం, చూపుడు వేలు మొత్తం పోతే 14, మధ్య వేలు 12, రెండు వేళ్లు పోతే 20, ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే 50. చదువుతుంటే ఎలాగో ఉంటుంది నాకు, మనిషి చేతిని ఇలా ముక్కలుగా రేటు కట్టడం. కానీ కట్టారు కాబట్టే అడగగలుగుతున్నాం. ముప్పై అయిదేళ్ల మనిషి, జీతం 14,000, రెండు వేళ్లు పోయాయి. 14,000లో 60 శాతం 8,400. దాన్ని 197.06తో హెచ్చవేస్తే 16,55,304. అందులో 20 శాతం, 3,31,060 రూపాయల చిల్లర.

ఇక్కడ ఆగండి. అదే మనిషికి చేతికి 14,000 ఇస్తూ రికార్డులో 9,000 అని రాస్తే? పరిహారం 2,12,824కి పడిపోతుంది. లక్షా పద్దెనిమిది వేలు పోయాయి. వేళ్లు అవే, మనిషి అతనే. పే స్లిప్పులో ఒక అంకె మారింది, అంతే. మిగతాది కవర్లో పెట్టి ఇస్తుంటే "ఎలాగో చేతికొస్తోంది కదా" అనుకుంటాం. అందుకని జీతం బ్యాంకులో పడుతుంటే ఆ మెసేజ్‌లు డిలీట్ చేయకండి. చేతికిస్తుంటే ఎక్కడో ఒకచోట, ఒక నోట్‌బుక్‌లోనైనా, తేదీ వేసి రాసిపెట్టుకోండి. ఓటీ ఎన్ని గంటలు చేశారో కూడా.

ఇంకో సంగతి. పట్టికలో 20 శాతం అని ఉంటే 20 శాతానికే ఒప్పుకోవాలని లేదు. 1975లో సుప్రీంకోర్టు ఒక వడ్రంగి కేసు తేల్చింది. ఒడిశా మనిషి. సినిమా హాల్లో పని చేస్తుండగా కిందపడ్డాడు, ఎడమ చేయి మోచేతి పైకి తీసేయాల్సి వచ్చింది. యజమాని ఏమన్నాడు? పోయింది ఒక్క చెయ్యే కదా, పూర్తి వైకల్యం ఎలా అవుతుంది అన్నాడు. కోర్టు ఏమంది? ఒంటి చేత్తో వడ్రంగి పని ఎలా చేస్తాడు అంది. అతని పనికి అతను పూర్తిగా పనికిరాకుండా పోయాడు కాబట్టి నూటికి నూరు శాతం అంది. అదే తీర్పులో, పరిహారం బాకీ పడేది ప్రమాదం జరిగిన రోజు నుంచే అని కూడా చెప్పింది. నెలలోపు కట్టకపోతే పాత చట్టం ప్రకారం 12 శాతం వడ్డీ. సరైన కారణం లేకుండా ఆపితే అసలు మీద సగం దాకా పెనాల్టీ కూడా వేయొచ్చు. అందుకే వెల్డర్‌కి కన్ను పోయినా, డ్రైవర్‌కి కాలు పోయినా పట్టిక ఒక్కటే చూసి ఊరుకోవద్దు. ఆ మనిషి ఏ పని చేసి బతికేవాడో చెప్పాలి.

ఈఎస్‌ఐ, అంటే జీతంలోంచి చందా కట్టే కార్మికుల ప్రభుత్వ బీమా, ఉన్నవాళ్లు ఎంతమంది? సగం మంది. సరే, ఇది మీకు. ఈఎస్‌ఐలో ఉంటే లేబర్ కమిషనర్ దగ్గర పరిహారం కేసు వేయడానికి వీల్లేదు. దారి వేరు. కానీ తక్కువదేమీ కాదు. పనిలో దెబ్బ తగిలితే ఇన్ని నెలలు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు. చేరిన మొదటి రోజు తగిలినా సరే. పనికి వెళ్లలేని రోజులకి సగటు రోజు జీతంలో 90 శాతం ఇస్తారు. శాశ్వతంగా నష్టం ఉంటే మెడికల్ బోర్డు శాతం తేలుస్తుంది, దాన్నిబట్టి నెలనెలా, బతికున్నంత కాలం వస్తుంది. చనిపోతే భార్యాపిల్లలకి నెలనెలా వస్తుంది. ఒక్కసారే చేతికొచ్చే లక్షల కన్నా ఇదే మేలని కొన్ని ఇళ్లు చూశాక నాకనిపిస్తుంది. ఆ లక్షలు బంధువుల చేతుల్లోకి ఎలా పోతాయో మీకు చెప్పక్కర్లేదు.

ఈఎస్‌ఐలో జరిగే మోసం ఏంటంటే, ప్రమాదం పొద్దున పది గంటలకి జరుగుతుంది, ఈఎస్‌ఐ నంబరు మధ్యాహ్నం మూడు గంటలకి పుడుతుంది. "నిన్నటిదాకా ఇతను మా దగ్గర లేడు, ఇవాళే చేరాడు" అంటారు. రెండేళ్లుగా చేస్తున్న మనిషిని. మీకు ఈఎస్‌ఐ నంబరు ఉందో లేదో ఇవాళే చూసుకోండి. యజమాని చందా కట్టకపోయినా కార్మికుడి హక్కు పోదు. ఈఎస్‌ఐ కార్పొరేషన్ కార్మికుడికి ఇచ్చి యజమాని దగ్గర వసూలు చేసుకునే వీలు చట్టంలోనే ఉంది. కానీ అక్కడిదాకా తిరగడానికి మీ చెప్పులు అరిగిపోతాయి. ముందే చూసుకోవడం మంచిది.

ఈఎస్‌ఐ లేని చోట, చిన్న షెడ్డయినా, ఇద్దరే పనిచేస్తున్నా, కాంట్రాక్టర్ కింద ఉన్నా, అడ్డా మీద నుంచి ఆ పూటకి తీసుకెళ్లినా పరిహారం చట్టం ఉంటుంది. "కాంట్రాక్టర్‌ని అడుగు, మాకు సంబంధం లేదు" అని కంపెనీ అనడానికి వీల్లేదు. తన పని తన ఆవరణలో కాంట్రాక్టర్ చేత చేయిస్తే కంపెనీయే ఇవ్వాలి. తర్వాత వాళ్లు వాళ్లు తేల్చుకుంటారు. లారీ క్లీనర్లకీ వర్తిస్తుంది. ఊళ్లో మీ అన్నదమ్ములు ట్రాక్టర్ మీద, నూర్పిడి మెషిన్ మీద కూలికి వెళ్తారు కదా, వాళ్లకీ.

ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన తమ్ముళ్లు కొందరున్నారు ఇక్కడ. మీకు తెలుగు బాగానే వచ్చేసింది, నవ్వుతున్నారు. మీకు ఒక మాట. కేసు ఇక్కడే వేయాలని లేదు. మీ సొంత జిల్లాలో, మీ కుటుంబం ఉన్న చోట వేయొచ్చు. మీ అమ్మానాన్నలు వాయిదా వాయిదాకి రైలెక్కి రానక్కర్లేదు. మన పాలమూరు, శ్రీకాకుళం వాళ్లు ముంబయి, గుజరాత్ పోయి దెబ్బలు తింటే వాళ్లకీ అంతే.

ఇక గేటు దగ్గర పంచాయితీ. ఇది చెప్పకుండా వెళ్లలేను.

మనిషి చనిపోతాడు. శవం మార్చురీలో ఉంటుంది. చుట్టాలు గేటు దగ్గర కూర్చుంటారు. సాయంత్రానికి లీడర్లు వస్తారు, అన్ని పార్టీల వాళ్లూ వస్తారు. లోపల ఏసీ గదిలో మాటలు. చనిపోయినవాడి భార్య ఎక్కడ ఉంటుంది? బయట చెట్టు కింద. రాత్రి పదకొండుకి బావమరిదిని లోపలికి పిలుస్తారు. బాండు పేపర్ సిద్ధంగా ఉంటుంది. "ఇకమీదట కంపెనీపై ఎలాంటి క్లెయిములూ చేయము" అని ఒక లైను. భార్య వేలిముద్ర వేయిస్తారు. ఆమెకి ఆ రాత్రి ఏం తెలుస్తుంది? శవాన్ని ఇంటికి తీసుకెళ్లాలి, అంతే తెలుసు.

చట్టం ఏమంటుందో వినండి. చావు కేసులో పరిహారం డబ్బు కుటుంబానికి చేతికి ఇస్తే ఇచ్చినట్టే కాదు. కమిషనర్ దగ్గర జమ చేయాలి. ఆయన ఎవరెవరు ఆధారపడి ఉన్నారో విచారించి భార్యకి ఇంత, పిల్లలకి ఇంత, తల్లికి ఇంత అని పంచుతాడు, పిల్లల వాటా బ్యాంకులో వేయిస్తాడు. అడ్వాన్సుగా మూడు నెలల జీతం దాకా ఇచ్చింది మాత్రం లెక్కలోకి వస్తుంది. ఇక "క్లెయిము చేయము" అని సంతకం పెట్టించుకున్నారే, చట్టం ఇచ్చిన హక్కుని వదులుకునే ఒప్పందం ఏదైనా చెల్లదు. అది రాసిన బాండు పేపర్ ఖరీదు కూడా చేయదు. కాబట్టి సంతకం పెట్టేశామని ఇంట్లో కూర్చోకండి. రెండేళ్లలోపు కేసు వేయండి. ఆ రాత్రి డబ్బు తీసుకోవద్దని నేను చెప్పడం లేదు. అంత్యక్రియలు చేయాలి, దూరం నుంచి వచ్చినవాళ్లకి అన్నం పెట్టాలి. తీసుకోండి. అది పూర్తి లెక్క అని మాత్రం అనుకోకండి.

పోయినేడు జూన్ 30 అని ఎవరో అంటున్నారు... అవును, 2025 జూన్ 30. పాశమైలారం. సిగాచి ఫార్మా ఫ్యాక్టరీలో పేలుడు. యాభై మందికి పైగా పోయారు, వాళ్లలో కొందరు మీకు తెలిసినవాళ్లే అయి ఉంటారు. అప్పుడు కోటి రూపాయల మాట వచ్చింది. 2020లో విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ గ్యాస్ లీకైనప్పుడూ కోటి అన్నారు. ఇవ్వాల్సిందే, వాళ్లకి ఎంత ఇచ్చినా తక్కువే. కానీ టీవీ కెమెరా వచ్చినచోట కోటి, రానిచోట రెండు లక్షలు, ఇదేం లెక్క? ఒక్కడే చనిపోయిన షెడ్డుకి మంత్రి రాడు. రెండు వేళ్లు పోయినవాడి గురించి పేపర్లో లైను కూడా రాదు. వాళ్లకి మిగిలింది నేను ఇందాక చెప్పిన ఆ లెక్క ఒక్కటే. అందుకే అది నోటికి వచ్చి ఉండాలంటున్నా.

కొత్త లేబర్ కోడ్‌ల గురించి అడుగుతున్నారు. 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. పరిహారం చట్టం, ఈఎస్‌ఐ చట్టం రెండూ దాని కిందికి పోయాయి. అంతకుముందు జరిగిన ప్రమాదాలకి పాత చట్టమే. కొత్త దాంట్లోనూ యజమాని తప్పు నిరూపించక్కర్లేదన్న సూత్రం, జీతం వయసు లెక్క అలాగే ఉన్నాయి. వడ్డీ రేటు లాంటివి ప్రభుత్వం రూల్స్‌లో చెప్పేలా పెట్టారు. ఒక మంచి మార్పు, ఇంటి నుంచి డ్యూటీకి వస్తూ పోతూ జరిగే ప్రమాదం కూడా, పనితో సంబంధం తేలితే, పరిహారం కిందికి వస్తుందని రాశారు. ఈఎస్‌ఐ వాళ్లకి ఇది 2010 నుంచీ ఉంది. పాత పరిహారం చట్టానికి కూడా వర్తిస్తుందని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. మహారాష్ట్రలో షుగర్ ఫ్యాక్టరీ వాచ్‌మన్, తెల్లవారుజామున మూడింటి డ్యూటీకి బండి మీద వస్తూ, ఫ్యాక్టరీకి అయిదు కిలోమీటర్ల దూరంలో చనిపోయాడు. 2003లో చనిపోతే 2025లో తేలింది. ఇరవై రెండేళ్లు. చట్టం మంచిదే, దాని నడక మాత్రం ఇది. మూడు నెలల్లో కేసు తేల్చాలని 2009 సవరణలోనే రాశారు, చదివినప్పుడల్లా నవ్వొస్తుంది.

మా వకీళ్ల గురించి కూడా ఒక మాట చెప్పేస్తాను, నా మిత్రులకి కోపం వచ్చినా సరే. వచ్చిన డబ్బులో ఇంత వాటా ఇవ్వాలని ఎవరైనా అడిగితే ఒప్పుకోకండి. వాటా మీద కేసు పట్టడం మా వృత్తి నియమాలకే విరుద్ధం. ఫీజు ఎంతో ముందే అడగండి, రసీదు తీసుకోండి. వకీలు లేకుండా మీరే దరఖాస్తు ఇచ్చుకోవచ్చు కూడా.

ఏమ్మా, మీరేదో అడుగుతున్నారు? ... సరే, అందరికీ వినబడలేదు, నేను చెబుతాను. ఈమె భర్తకి పనిలో నడుం మీద బస్తా పడింది, పద్నాలుగు నెలలైంది. ఆస్పత్రి కాగితంలో "ఇంట్లో జారిపడ్డాడు" అని ఉందట. ఇక ఆశ లేదా అని అడుగుతున్నారు. ఉందమ్మా. కష్టమే కానీ అయిపోలేదు. రెండేళ్లు దాటలేదు. ఆ రోజు షిఫ్ట్‌లో ఆయన పక్కన ఎవరున్నారు? వాళ్లలో ఒకరు వచ్చి సాక్ష్యం చెప్పినా విలువ ఉంటుంది. ఆ రోజు హాజరు పడిందా లేదా? పొద్దున డ్యూటీ ఎక్కినట్టు హాజరు ఉండి, పదకొండు గంటలకి ఆస్పత్రిలో చేరినట్టు ఉంటే, మధ్యలో ఇంటికి ఎప్పుడు వెళ్లాడు, ఎప్పుడు జారాడు? ఆ ప్రశ్నకి కంపెనీయే జవాబు చెప్పుకోవాలి. ఆస్పత్రికి ఎవరి బండిలో తీసుకెళ్లారు? అడ్మిషన్ డబ్బు ఎవరు కట్టారు? కంపెనీ మేనేజర్ ఫోన్‌పే నుంచి కట్టి ఉంటే ఇంకా మంచిది. ఇంట్లో జారిపడ్డవాడికి మేనేజర్ ఎందుకు డబ్బు కడతాడు? ఆ రసీదు ఇంట్లో ఉందేమో వెతకండి. లేకపోతే ఆస్పత్రి బిల్లింగ్ కౌంటర్‌లో నకలు అడగండి.

మీరు కూర్చోండమ్మా, వెళ్లిపోకండి. ఇంకా కాగితాలు తెచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే ఆ కిటికీ పక్క టేబుల్ దగ్గరికి రండి. ఒరిజినల్స్ నాకివ్వకండి, ఎవరికీ ఇవ్వకండి. బయట జిరాక్స్ షాపు తెరిచే ఉంది.